వేలెడు ముక్కలో మూడొందల నలభై జతల కాళ్లు

నాకు ముక్కు మీదే కోపం అంటారు అందరూ. అబద్ధం. నా కోపానికి ముక్కు మీద కూర్చునే ఓపిక కూడా లేదు. అరికాల్లో పుట్టి తిన్నగా నెత్తికెక్కుతుంది. ఆ మంగళవారం పొద్దున్న జరిగింది అదే.

మాది బూట్ల దుకాణం. అందరి బూట్లూ కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు, పాదం వంకర తిరిగినవాళ్లకు, వేళ్లు పోయినవాళ్లకు, బజార్లో దొరికేవి ఏవీ పట్టనివాళ్లకు మేం చేసి ఇస్తాం. కొలతలు నావి, చేత మా ఆయనది. ఇరవై రెండేళ్లుగా నా కొలతల్లో ఆయన వేలు పెట్టలేదు, ఆయన చెక్కేదాంట్లో నేను తలదూర్చలేదు. మిగతా అన్నిట్లోనూ దూర్చాను, కాదనను.

ఆ పొద్దున్న తొట్టెలోంచి నానిన తోలు బయటికి తీస్తూ చూద్దును కదా, మా ఆయన నా ఎడమ బూటు ఒళ్లో పెట్టుకుని అడుగు విప్పుతున్నాడు. నాకూ ఎడమ కాలు పొట్టే. పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఆ లోటు బూటు అడుగున ఎత్తు కట్టి పూడుస్తారని ఎవరో చెబితే, పెళ్లికి ముందు ఈ దుకాణానికి వచ్చాను. అప్పుడే కొత్తగా తెరిచాడు. మొదటి గిరాకీని నేనే. బూట్లు తీసుకుని పోవలసినదాన్ని ఇక్కడే ఉండిపోయాను. వయసుతో పాటు మోకాలు అరిగి ఆ తేడా ఏటేటా పెరుగుతుందని అప్పట్లో డాక్టరు భయపెట్టింది. ఏదీ? ఇరవై రెండేళ్లయినా వెంట్రుకవాసి పెరగలేదు. వచ్చిన ప్రతి మనిషికీ నా కాలు చూపించి, డాక్టర్లు చెప్పేవన్నీ నమ్మకండి అంటాను.

"ఏమండీ, అదేమైనా అరిగిందా?" అన్నాను.

"కొంచెం వదులైంది," అన్నాడు తలెత్తకుండా.

"పోయినేడు కూడా ఇదే మాట చెప్పారు. బాగున్న బూటు విప్పి మళ్లీ కట్టకపోతే మీకు చేతులు ఊరుకోవా? ఆ బొటనవేలికి విశ్రాంతి ఇవ్వమని డాక్టరు చెప్పింది నాకా, మీకా? పోస్టావిడ బూట్లు సోమవారానికి ఇవ్వాలి, అవి గాలికొదిలేసి నా బూటు మీద పడ్డారు!"

ఆయన మాట్లాడలేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఎదుటి మనిషి నాలుగు మాటలంటే నాకు కోపం సగం దిగుతుంది. ఉలకడు పలకడు. ఒళ్లు మండిపోయి, చేతిలో ఉన్న తడి తోలును బల్ల మీదికి విసిరికొట్టాను. బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉందన్న సంగతి, తోలు దాని మీద పడ్డాక గాని నా కంటికి ఆనలేదు.

తోలు లాగేసరికి మీటల సందుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. తెర రెండుసార్లు మిణుక్కుమంది. తర్వాత నల్లగా అయిపోయింది.

కంప్యూటరే కదా, ఇంకోటి కొనుక్కుంటే పోలేదా అంటారేమో. పోదు. అది చెప్పాలంటే వెనకగోడ సంగతి చెప్పాలి.

మా దుకాణం వెనకగోడ నిండా ఒకప్పుడు చెక్కతో చేసిన కాళ్ల అచ్చులుండేవి. మనిషికో జత. మూడొందల నలభై జతలు, అన్నీ మా ఆయన చేత్తో చెక్కినవి. అచ్చంటే వట్టి కొలత కాదు. కొలత నేను పావుగంటలో తీసేస్తాను. ఆ కొలత పట్టుకుని ఆయన పాదం చెక్కుతాడు, దాని మీద బూటు కుడతాడు, మనిషిని నడిపిస్తాడు. ఎక్కడ ఒరుసుకుందో చూసి గోరంత తీసేస్తాడు, ఎక్కడ ఖాళీ ఉందో చూసి పూడుస్తాడు. ఖాళీ ఉంటే కాలు ఆడుతుంది, ఆడితే బొబ్బ లేస్తుంది, బూట్లో ఏదీ ఆడకూడదు. మా దుకాణంలో వేదం అది. ఇలా మూడు నాలుగు నెలలు తిప్పితే గాని ఒక అచ్చు కుదరదు. పోస్టావిడ అచ్చుకైతే అయిదు నెలలు పట్టింది.

రెండేళ్ల కిందట ఆయన కుడి బొటనవేలి కీలు వాచింది. ఉలి పట్టుకోవద్దంది డాక్టరు. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. అచ్చులన్నీ స్కాను చేసి పెట్టుకుంటే, ఎవరికి బూట్లు కావాలన్నా ఆ ఫైలు చెక్కమిల్లుకు పంపొచ్చు. అక్కడి యంత్రం ఒక్క రోజులో అచ్చు చెక్కి ఇస్తుంది. ఆయన వేలికి శ్రమ ఉండదు. మా మరిది లిఫ్టు మెకానిక్కు, యంత్రమన్నది దేన్ని చూసినా నాకు తెలుసంటాడు. వాడే స్కానరు అద్దెకు తెచ్చి, పదకొండు రోజులు సెలవు పెట్టి మూడొందల నలభై జతలూ స్కాను చేశాడు. అన్ని పక్కలా, అడుగుతో సహా ఫోటోలు కూడా తీయమన్నాను. తీశాడు పాపం. ఆ ఫోటోలు నేను ఒక్కసారీ తెరవలేదు. మిల్లువాళ్లకు కావలసింది ఆకారం, ఫోటోలు ఎవరిక్కావాలి?

ఆ తర్వాత గోడ ఖాళీ చేయించాను. రెండో కుట్టుమిషనుకు చోటు కావాలి మరి. అచ్చులన్నీ ఇటుకబట్టీవాళ్లు పట్టుకుపోయారు. బస్తాల్లోకి ఎత్తింది మా ఆయనే. ఎత్తుతూ ఎత్తుతూ ఒక్కసారి ఆగాడు.

"నంబరు ఒకటి కూడానా?" అన్నాడు.

నంబరు ఒకటి నాది. "అన్నీ అంటే అన్నీ. నా కాళ్లెక్కడికీ పోవుగా, ఇక్కడే ఉన్నాయి," అన్నాను. ఆయన దాన్ని కూడా బస్తాలో వేశాడు.

ఇంకో చోట కూడా కాపీ పెట్టుకో వదినా అని మరిది నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ రేపు అన్నాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం గాని, దాటకముందే తగలేసినదాన్ని నేనొక్కదాన్నే.

మధ్యాహ్నానికి లాప్‌టాప్‌ను రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన వెనక మూత విప్పి, భూతద్దం పెట్టి చూసి, మళ్లీ మూసేశాడు.

"బోర్డు పోయిందమ్మా. ఇది ఇక లేవదు," అన్నాడు టీ తాగుతూ.

చావు కబురు అంత చల్లగా చెప్పేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. లోపలున్నవి తీయగలరా అంటే, పంపించాలి, రెండు మూడు వారాలు పడుతుంది, గ్యారంటీ లేదు అన్నాడు. పోస్టావిడ ఫైలు బుధవారం సాయంత్రంలోగా మిల్లుకు చేరకపోతే సోమవారానికి బూట్లు లేవు. ఆవిడ పాత బూటు అడుగు రెండుగా చీలింది. సోమవారం డ్యూటీలో చేరకపోతే ఆవిడ వీధులు వేరేవాళ్లకు ఇచ్చేస్తారట. పద్నాలుగేళ్లుగా తిరిగిన వీధులు. ఒక్క పోస్టావిడ సంగతే ఇది. ఇంకా మూడొందల ముప్పైతొమ్మిది మంది ఉన్నారు.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. విన్నాడు. "సరే," అన్నాడు. వెనకగోడ వైపు ఒకసారి చూసి, కత్తి నూరుకోవడానికి వెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం మరిది వచ్చేసరికి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. వాడు సంగతంతా విని నవ్వాడు. నవ్వినందుకు కొట్టబోయాను.

"ఆగు వదినా, ముందు చెప్పేది విను. లిఫ్టు మోటారు కాలిపోతే లోపలున్న మనుషులు పోయినట్టా? తలుపు తీసి దింపుతాం. ఇదీ అంతే. పోయింది బోర్డు. ఫైళ్లుండేది బోర్డులో కాదు, ఎస్‌ఎస్‌డీలో. దాన్ని ఊడదీసి, ఒక చిన్న డబ్బాలో పెట్టి, వైరుతో నా లాప్‌టాప్‌కి తగిలిస్తే పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ లోపల ఉన్నది ఇక బయట ఉంటుంది, అంతే తేడా."

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీద వేసుకో," అన్నాను. అన్నాను గాని, పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు కొంచెం వదిలాను.

మా కుట్టు బల్ల మీదే లాప్‌టాప్ విప్పాడు. లోపల చూపుడువేలంత పొడవున్న పల్చటి ముక్క ఒకటి, ఒకే ఒక స్క్రూతో పడుకుని ఉంది. పొడిగా ఉంది. "ఇదేనా? ఇంతేనా?" అన్నాను. ఒక గోడంతా పట్టిన కాళ్లు ఆ వేలెడు ముక్కలో ఉన్నాయంటే నమ్మబుద్ధి కాలేదు. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు బరువు చూశాడు.

మరిది అప్పటికప్పుడు వెళ్లి డబ్బా కొనుక్కొచ్చాడు. తెరిచి చూస్తే అది అరచెయ్యంత ఉంది. మా ముక్క అందులో ఒక మూల పడి గలగల్లాడింది.

"కొలత తీసుకోకుండా వెళ్లావా?" అన్నాను.

"అన్నీ ఒకటే అనుకున్నా వదినా."

"బూట్ల కొంపలో తిరుగుతూ ఆ మాట అనడానికి సిగ్గులేదూ!"

బుధవారం పొద్దున్నే ఎస్‌ఎస్‌డీని మెత్తటి గుడ్డలో చుట్టుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని ఆ డబ్బాల దుకాణానికి నేనే వెళ్లాను. కౌంటరులో ఉన్నావిడ ముక్కను దీపం కింద పెట్టి చూపించింది. ఒక అంచున బంగారు రంగు పళ్ల వరస ఉంది, ఆ వరసలో ఒక గాటు ఉంది.

"ఒకటే గాటు ఉంది కదమ్మా, దీనికి ఈ డబ్బా. రెండు గాట్లున్నదానికి ఆ డబ్బా. తప్పుది తీసుకెళ్తే ముక్క పట్టినా కంప్యూటరుకు కనపడదు," అంది. "ఇంకో మాట. తగిలించగానే ఫార్మాట్ చెయ్యమంటారా అని అడగొచ్చు. ఎంత అడిగినా సరే, చెయ్యకండి. చేస్తే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది."

"విన్నావా?" అన్నాను మరిదిని.

"విన్నాలే," అన్నాడు.

ఇంటికి వచ్చి కొత్త డబ్బాలో ముక్క పళ్లను గాడిలోకి దూర్చాడు. దూర్చాక అది ఏటవాలుగా పైకి లేచి నిలబడింది. రెండో చివర కిందికి నొక్కి స్క్రూ బిగించాలట. సరిగ్గా అప్పుడే వాడికి ఫోను వచ్చింది, ఎక్కడో లిఫ్టు అంతస్తుల మధ్య ఇరుక్కుందట. "ఆ స్క్రూ బిగించి మూత పెట్టెయ్ అన్నయ్యా," అని బయటికి వెళ్లాడు. ముందుగదిలో మడమ కొలతకు ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు, నేను అటు వెళ్లాను. నేను తిరిగి వచ్చేసరికి మా ఆయన మూత పెట్టేసి, డబ్బాను చెవి దగ్గర ఊపి చూస్తున్నాడు.

"ఏం ఆడటం లేదు," అన్నాడు తృప్తిగా.

మరిది వచ్చి వైరు తగిలించాడు. ముగ్గురం తెరకేసి చూస్తూ కూర్చున్నాం. ఏమీ రాలేదు. వైరు తీసి తిప్పి పెట్టాడు. రాలేదు. ఇంకో వైరు తెచ్చాడు, రెండో పక్క పెట్టాడు, లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు.

మూడోసారో నాలుగోసారో తెర మీద ఒక పెట్టె పడింది. ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని.

"వచ్చింది వచ్చింది!" అంటూ మరిది వేలు మీట మీదికి పోయింది.

నా చేతిలో చెక్క స్కేలు ఉంది కాబట్టి సరిపోయింది. వాడి వేళ్ల మీద ఫట్‌మని ఒక్కటి వేశాను.

"అమ్మో! వదినా!"

"ఆవిడ ఏం చెప్పింది? పొద్దున్న విన్నానన్నావు, ఏ చెవితో విన్నావు?"

వాడు వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. ఏం చెయ్యబోయాడో అప్పుడు గాని వాడికి తెలిసిరాలేదు. వద్దు అన్న దాని మీద నొక్కించాను. పెట్టె పోయింది. మరుక్షణం డిస్కు కూడా పోయింది, మళ్లీ ఏమీ లేదు. ఇంకో అరగంట కుస్తీ పట్టాడు.

"వదినా, నీళ్లు దానిలోకి కూడా దిగాయేమో," అన్నాడు చివరికి, నా ముఖం చూడకుండా. "నా వల్ల కాదు."

నేను ఏడిచే మనిషిని కాదు. మా ఇంట్లో ఎవరైనా ఏడిస్తే నా వల్ల ఏడవాలి గాని నేను ఏడవను. అప్పుడు మాత్రం కూర్చున్నచోటే ఏడ్చేశాను.

"మీ ఇరవై రెండేళ్ల పని తగలేశానండీ. గోడ మీద ఉన్నదాన్ని బట్టీలో వేయించాను, ఇందులో ఉన్నదాని మీద నీళ్లు పోశాను. రెండూ నేనే చేశాను," అన్నాను.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "చెక్క ఉంది, ఉలి ఉంది. మళ్లీ చెక్కుతాను," అన్నాడు. ఆ మాటకు ఆయన కుడి బొటనవేలికున్న కట్టు చూశాను. మూడొందల నలభై జతలు కాదు, మూడు జతలు చెక్కినా ఆ వేలు ఇక పనికి రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అబద్ధం ఆడటం రాని మనిషి నా కోసం ఆడుతుంటే మరీ ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే ఆ డబ్బాను చేతిలోకి తీసుకున్నాను. తిట్టడానికైనా ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. దాని మీద బొటనవేలు అటూ ఇటూ పోనిచ్చాను. ఇన్నేళ్లుగా నా వేళ్లు చేసే పని అదే. పాదం ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ పల్లంగా ఉందో కళ్లకంటే ముందు వాటికి తెలుస్తుంది. మూత ఒక చివర సమంగా ఉంది. రెండో చివర, స్క్రూ ఉన్న పక్క, పొంగి ఉంది. వేళ్లు ఇరుకైన బూటు ముందుభాగం పొంగినట్టు పొంగింది. అక్కడ గట్టిగా నొక్కాను.

టింగ్ అంది లాప్‌టాప్.

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. వేలు తీశాను, ఇంకో రకంగా మూలిగి ఊరుకుంది. మళ్లీ నొక్కాను. టింగ్.

"లోపల మడమ కూర్చోలేదు," అన్నాను. "విప్పు. విప్పవయ్యా, చూస్తావేంటి!"

మరిది వైరు పీకి మూత తీశాడు. వేలెడు ముక్క కింద, డబ్బా అడుగున, చక్కగా మూలలు గుండ్రంగా కోసి, అంటించి ఉంది ఒక కార్కు ముక్క. మేం బూట్లలో మడమ కింద వేసే కార్కు. అది ముక్కను ఒక పక్క పైకి ఎత్తిపెట్టడంతో రెండో పక్క పళ్లు గాడిలో పూర్తిగా ఆనడం లేదు.

మరిదీ నేనూ ఒకేసారి ఆయన వైపు తిరిగాం.

"ఖాళీ ఉంది," అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా. "ఆడుతుందేమోనని..."

"అన్నయ్యా, అది కాలు కాదు!"

"గలగల్లాడితే పాడవుతుంది కదా."

"ఆ ఖాళీ కావాలి అన్నయ్యా. గాలాడకపోతే వేడెక్కుతుంది. దీనికి బొబ్బలు లేవవు!"

ఏడుపు మధ్యలో నవ్వు వస్తే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ముక్కు చీదుకుంటూ నవ్వాను, నవ్వుతూ ఆయన్ని తిట్టాను. ఆయన మాత్రం గంభీరంగా సన్న పట్టకారు తెచ్చి, ఎక్కడా గీత పడకుండా కార్కును ఒలిచాడు. అంటిన బంకను గోటితో గీకాడు. ఈసారి ముక్క తిన్నగా పడుకుంది. స్క్రూ ఆయన్నే బిగించమన్నాను. మూత రెండు చివరలా సమంగా కూర్చుందో లేదో నేను వేలితో చూశాను.

తగిలించాడు. టింగ్ అంది. ఏ పెట్టే పడలేదు, ఏదైనా చెయ్యమంటారా అని ఎవరూ అడగలేదు. తెర మీద కొత్త డ్రైవు ఒకటి నిలబడింది. మరిది తెరిచాడు. ఒకటి, రెండు, మూడు అంటూ నంబర్లు వరసగా కిందికి దిగుతూ పోయాయి. చివరిది వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. మూడొందల నలభై.

"హమ్మయ్య!" అని నేల మీద చతికిలబడ్డాను. పోయిన ప్రాణం లేచొచ్చింది. లేచి ఆ కౌంటరులో ఉన్నావిడకు దండం పెట్టి రావాలనిపించింది. మరిది వేళ్ల మీద తేలిన ఎర్రటి చార చూసి, నాకే సిగ్గేసి మందు తెచ్చి రాశాను. "ఈ దెబ్బకు జీతం ఇవ్వాలి వదినా," అన్నాడు. "ఇంకోటి ఇస్తాను," అన్నాను.

మొట్టమొదట పోస్టావిడ ఫైలు మిల్లుకు పంపాను. నాలుగింటికి వాళ్ల జవాబు వచ్చింది, రేపు పొద్దున్నే అచ్చు చెక్కుతామని. తర్వాత మొత్తం ఫైళ్లు మరిది లాప్‌టాప్‌లోకి ఒకసారి, వాడి దగ్గరున్న ఇంకో డిస్కులోకి ఒకసారి ఎక్కించమన్నాను. అవి ఎక్కుతూ ఉంటే టీ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నెత్తి మీంచి ఎవరో రాళ్లమూట దించినట్టుంది.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అన్నీ సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూద్దామని ఒక్కొక్కటీ తెరిచాను. ఆకారాలు ఉన్నాయి. వాటి పక్కనే, ఇన్నాళ్లూ నేను పట్టించుకోని ఫోటోలు ఉన్నాయి. పోస్టావిడ అచ్చు అడుగు ఫోటో తెరిస్తే, చెక్క మీద పెన్సిలుతో మా ఆయన రాత కనిపించింది. నంబరు, తేదీ ఉంటాయనుకున్నాను. కాదు.

"కుడి చిటికెనవేలు ఒరుసుకుంటుంది. నొప్పి ఉన్నా చెప్పదు. అడక్కుండా వదులు చెయ్యి."

ఇంకోటి తెరిచాను. ఒక వడ్రంగిది. "వదులు వదులు అంటాడు. వదులు కాదు, పడతానని భయం. బిగించకు. నాలుగడుగులు పక్కన నడువు."

మాట్లాడని మనిషి మాటలన్నీ ఎక్కడికి పోతున్నాయా అనుకునేదాన్ని. అన్నీ అక్కడున్నాయి, మనుషుల కాళ్ల కింద. వాటిని నేను బట్టీకి పంపించాను. ఒకటి తర్వాత ఒకటి చదువుకుంటూ పోయాను. చివరికి నంబరు ఒకటి తెరిచాను. నా ఎడమకాలు.

పైన పద్దెనిమిది అని ఉంది. దాని పక్కన, "కోపంగా నడుస్తుంది. మడమ గట్టిగా వెయ్యి." నవ్వొచ్చింది. దాని కింద మరో ఏడాది రాత. "పందొమ్మిది. మెట్ల దగ్గర ఆగుతోంది." దాని కింద ఇరవై. దాని కింద ఇరవై ఒకటిన్నర. అన్నిటికంటే కింద, చోటు చాలక చిన్నగా రాశాడు.

"ఇరవై మూడు. చెప్పకు. కాలు అలాగే ఉందని అందరికీ చెప్పుకుని సంతోషపడుతోంది."

టీ చల్లారిపోయింది. ఇరవై రెండేళ్లుగా నేను ఎంతమందికి చూపించానో ఈ కాలు!

లేచి వెనకగదిలోకి వెళ్లాను. ఆయన నా బూటే పట్టుకుని ఉన్నాడు, మంగళవారం సగంలో ఆపింది. నేను గుమ్మం దాటగానే, వీపు నా వైపు ఉండగానే, "రా," అన్నాడు.

"ఇరవై మూడా?" అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. గుమ్మంలోంచి బల్ల వైపు, దాని మీద ఉన్న లాప్‌టాప్ వైపు చూశాడు. అర్థమైంది.

"అప్పుడు ఇరవై మూడు," అన్నాడు. "ఇప్పుడు ఇరవై నాలుగు కడుతున్నాను."

అంటే ఆరు మిల్లీమీటర్లు. బాగున్న బూటు ఏడాదికోసారి వదులయ్యేది అందుకన్నమాట. ఆ బూటు మీద ఎన్నిసార్లు అరిచానో, ఏమేం విసిరానో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"కొలతలు నావి కదా. నాకు తెలియకుండా నా కాలు ఎప్పుడు కొలిచారు?"

"కొలవలేదు. విన్నాను."

"ఏం విన్నారు?"

"నువ్వు గుమ్మం దాటే చప్పుడు. లోటు పెరిగితే ఎడమ కాలు బరువుగా పడుతుంది. బరువుగా పడినప్పుడల్లా కొంచెం పెంచాను," అన్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "కోప్పడతావనుకున్నాను," అన్నాడు.

కోపం కోసం అరికాళ్లదాకా వెతుక్కున్నాను. లేదు.

గిరాకీలను కూర్చోబెట్టే కుర్చీ ఒకటుంది మా దగ్గర, ముందు చిన్న పీటతో. పెళ్లయ్యాక దానిలో నేను ఎప్పుడూ కూర్చోలేదు. వెళ్లి కూర్చుని, కాలికున్నది విప్పి, ఎడమ పాదం పీట మీద పెట్టాను. నా మెడలోని టేపు తీసి ఆయనకు ఇచ్చాను.

"కొలవండి," అన్నాను.

ఆయన నేల మీద కూర్చుని, నా మడమ చేతిలోకి తీసుకుని, నేనెప్పుడూ ఎవరికీ కొలవనంత నెమ్మదిగా కొలిచాడు.

"ఇరవై నాలుగున్నర," అన్నాడు.

బల్ల దగ్గర్నుంచి మరిది కేకేశాడు. "వదినా, కాపీలు అయిపోయాయి! ఇంకేమైనా ఎక్కించాలా?"

"నంబరు ఒకటి, ఎడమ కాలు, ఇరవై నాలుగున్నర," అన్నాను. "రెండు చోట్లా ఎక్కించు. ఇప్పుడే."